జంగయ్య మోకాలి మట్టం

నాకు తెలియని విషయం లేదని మా ఇంట్లో నాకొక పేరుంది. ఆ పేరు పెట్టింది మా ఆయన భాస్కరరావుగారు. మెచ్చుకుని పెట్టింది కాదు. ఇరవయ్యారేళ్లు రాజేంద్రనగర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పాను. నల్లబల్ల ముందు నిలబడీ నిలబడీ నేను సంపాదించుకున్నవి రెండు. ఎవరేం అడిగినా, అడక్కపోయినా జవాబు చెప్పే అలవాటు ఒకటి. కుడి మోకాలి నొప్పి రెండోది. ఈ రెండూ కలిసి జంగయ్య అనే టైల్స్ మేస్త్రీ ప్రాణం మీదికి ఎలా తెచ్చాయో చెప్పాలి. తప్పు నాది కాబట్టి నేనే చెప్పడం న్యాయం.

మాది తెనాలి. హైదరాబాదుకొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అన్నేళ్లూ అద్దె ఇళ్లే, అన్నీ మేడ మీదవే. ఇద్దరం రిటైరయ్యాక, ఎప్పుడో కొని పడేసిన శంషాబాద్ స్థలంలో ఇల్లు మొదలుపెట్టాం. అదే వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుని పని చూసుకుంటున్నాం. నెత్తి మీదుగా విమానం వెళ్తుంటే మాట ఆపి, అది దాటాక మళ్లీ అందుకోవడం అక్కడ అందరికీ అలవాటే.

ఆ ఇంటికి నేను పెట్టిన షరతు ఒక్కటే. ఒక్క మెట్టు ఉండకూడదు. గదికీ గదికీ మధ్య గోరంత ఎత్తు తేడా కూడా ఉండకూడదు. వాకిట్లో మెట్లకు బదులు వాలుగా దారి. సింహద్వారం గడప కూడా నేలకు సమానంగా లోపలికి దించేయాలి. "గడప లేకుండా ఇల్లేమిటి వదినా" అని మా ఆడపడుచు రేవతి ఫోన్లో మూతి ముడిచింది. గడప ఉంటుంది, పసుపూ రాస్తాను, కాలికి మాత్రం తగలదు అన్నాను. చిన్న ఎత్తు తట్టుకుంటే చాలు, నా మోకాలు కలుక్కుమని కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. ఆ సంగతి రేవతికేం తెలుసు.

అలాంటి నేల కావాలంటే జంగయ్యే వేయాలని సిమెంటు కొట్టువాడి దగ్గర్నుంచి ఎదురింటాయన దాకా అందరూ ఒకే మాట చెప్పారు. సరే రమ్మన్నాం.

యాభై రెండేళ్ల మనిషి. బక్కపలచగా, చెవి మీద పెన్సిలుతో, లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి వచ్చాడు. వెనకాల తట్టా పారా పట్టుకుని ఆయన భార్య చంద్రమ్మ. నేను ముందుగా అడిగిన ప్రశ్న, "నీ రసమట్టం ఏది?" అని. గాజుగొట్టంలో బుడగ ఉండే ఆ కర్ర లేకుండా నేల ఎగుడూ దిగుడూ ఎలా చూస్తారు?

జంగయ్య తన కుడి మోకాలి మీద అరచేత్తో తట్టి చూపించాడు. "నా మట్టం ఇదే టీచరమ్మా."

నాకు ఒళ్లు మండింది. లెక్కల టీచరు దగ్గర ఇలాంటి మాటలా? కానీ మొదటి గది వేసిన తీరు చూశాక నోరు మూసుకున్నాను. టైలు పరిచి, రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, రెండు టైళ్లు కలిసేచోట వట్టి మోకాలు ఆనించి కళ్లు మూసుకునేవాడు. గీత పెట్టినంత తేడా ఉన్నా మోకాలికి తెలుస్తుందట. పద్నాలుగో ఏట సోమయ్య అనే మేస్త్రీ వెంట షాబాద్ బండలు పరచడానికి వచ్చాడు జంగయ్య. అప్పట్లో అందరూ మోకాళ్ల కింద గోనెసంచి మడత వేసుకునేవాళ్లు. సోమయ్య మాత్రం వేసుకోనిచ్చేవాడు కాదు.

"బండ మీద వట్టి మోకాలు పెట్టాలె. నడుమ గుడ్డ అడ్డమొస్తే బండ మాట్లాడదు అంటుండె మా సోమయ్య మేస్త్రి," అన్నాడు జంగయ్య. "ముప్పై ఎనిమిదేండ్ల సంది గట్లనే చేస్తున్న. ఎయిర్‌పోర్టుకు పోయే తొవ్వల పెద్ద హోటలున్నది గదా, దాని కింది అంతస్తు నాదే. ఇప్పటికి ఒక్క టైలు లేవలె."

చంద్రమ్మ ఎప్పుడూ ఆయనకు ఎదురు మూలన ఉండేది. సిమెంటూ ఇసుకా కలిపి మాలు తయారుచేసి తట్టతో అందించి, గోడకు కట్టిన దారం కొసన గొంతుక్కూర్చునేది. ఆవిడకు ఒక అలవాటుంది. జంగయ్య కళ్లు మూసుకుని మోకాలు ఆనించగానే, ఉన్నట్టుండి "మాలు తేవాల్నా?" అని అడిగేది. వెంటనే ఆయన కళ్లు తెరిచి "ఆ, జర కిందికున్నది" అని టైలు లేపి, ఇంకొంచెం మాలు వేసి మళ్లీ పరిచేవాడు. రోజుకు ఎన్నోసార్లు ఇదే వరస. ఈవిడకు ఇంకో మాట రాదా, ఆయన ధ్యానం ఎందుకు చెడగొడుతుంది అని నేను లోలోపల విసుక్కున్నాను.

మూడో గది సగంలో ఉండగా జంగయ్య గోడ పట్టుకుని లేవడం చూశాను. కుడి మోకాలి చిప్ప మీద నిమ్మకాయంత వాపు. వేలితో నొక్కితే నీళ్ల సంచిలా మెత్తగా కదులుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏడాది అయితుండొచ్చు. వస్తది, పోతది. ఇప్పుడు పోతలేదు. మోకాలు బండ మీద ఆనిస్తే నొస్తది. నడిస్తే ఏం గాదు. మెట్లు గూడ మంచిగనే ఎక్కుత."

ఆ చివరి రెండు మాటలు మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. ఎందుకంటే అప్పటికే నా జవాబు నాకు దొరికింది. మూడేళ్లుగా మోకాలి నొప్పిలో నేను పండిపోయినదాన్ని. ఇంటికెళ్లి నా ఎక్స్‌రే తెచ్చి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి పాఠం మొదలుపెట్టాను. ఇదిగో ఇది తొడ ఎముక, ఇది కాలి ఎముక. మధ్యలో మెత్తగా ఉండే గుజ్జు వయసుతో, బరువుతో అరిగిపోతుంది. అప్పుడు ఎముకా ఎముకా దగ్గరికొచ్చి రాసుకుంటాయి. పొద్దున్న లేవగానే ఓ పది నిమిషాలు కాలు బిగుసుకుపోయి ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు పొడుస్తుంది. వంచితే లోపల కరకరమంటుంది. ముదిరితే కాలు బయటికి వంగుతుంది. చూడు నా కాలు, అని చీర అంచు కాస్త ఎత్తి చూపించాను కూడా.

జంగయ్య చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడైన పిల్లాడిలా విన్నాడు. "మరి నాకు గూడ గదేనా టీచరమ్మా?"

"ఇంకేముంటుంది? ముప్పై ఎనిమిదేళ్లు మోకాళ్ల మీదే బతికావు. నాకంటే ఎక్కువే అరిగి ఉంటుంది."

"మల్ల పెరగదా?"

"అరిగింది అరిగిందే," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంతటితో ఆగానా? నా మందుల డబ్బాలోంచి నొప్పి మాత్రల పట్టీ తీసి ఇచ్చాను. ఉప్పు వేయించి గుడ్డలో కట్టి రెండు పూటలా కాపడం పెట్టుకోమన్నాను. భాస్కరరావుగారు పేపరు దించి, "నువ్వు లెక్కల టీచరువి విజయా," అన్నారు. "ఇదీ లెక్కే, ఇన్నేళ్లకు ఇంత అరుగుదల" అన్నాను. ఆయన పేపరు మళ్లీ ఎత్తేశారు.

నాలుగు రోజుల తర్వాత చంద్రమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, "టీచరమ్మా, మా ఆయన పని బందు పెడ్తడంట," అంది.

చంద్రమ్మ తమ్ముడు బాలమల్లు ఎయిర్‌పోర్టు వెనక గోడౌన్లలో సూపర్‌వైజరు. అక్కడ గేటు దగ్గర వాచ్‌మన్ కావాలట. ఎండకు నీడ, కూర్చోను ప్లాస్టిక్ కుర్చీ, వచ్చే లారీల నంబర్లు రాసుకోవడం. వచ్చే ఒకటో తారీఖు నుంచి వస్తానని జంగయ్య మాటిచ్చేశాడు.

"గుజ్జు అరిగిపోయిందంట గదా. అరిగిన మోకాలు పెట్టుకొని ఇంకెన్నొద్దులు దేకుత అంటున్నడు. మీ హాలే ఆఖరుదంట," అంది చంద్రమ్మ. ఆవిడ ఏడవలేదు. మా గుమ్మం దగ్గరి బండ కేసి చూస్తూ నిలబడింది, అంతే. "పెండ్లయినప్పటి సంది ఇరవై ఏడేండ్లు ఇద్దరం కలిసే చేసినం. గేటు కాడ కుర్చీల కూసుంటే ఆయన మనిషి బతకడమ్మా."

ఒక మనిషి పనినీ పేరునీ ఎక్స్‌రే ముక్క చూపించి ఊడబెరికానా అనిపించింది. కానీ నిజం నిజమే కదా, అరిగింది అరిగిందే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ మర్నాడే టైలు కోస్తుంటే ఒక పెచ్చు ఎగిరి జంగయ్య మోకాలి వాపు మీదే గీరుకుంది. చిన్న గాటు, తుడుచుకుని పనిలో పడ్డాడు. నా మాత్రలు వేసుకుంటున్నాడు కాబట్టి నొప్పి పెద్దగా తెలియలేదు. ఇంటికెళ్లి నేను చెప్పిన కాపడం కూడా పెట్టుకున్నాడు. మూడో రోజు పొద్దున వచ్చేసరికి మనిషి వణుకుతున్నాడు. మోకాలు ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. లుంగీ అంచు తగిలినా పళ్లు బిగిస్తున్నాడు. అయినా సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. భాస్కరరావుగారు ఏనాడూ పని దగ్గర నోరు మెదపని మనిషి. వచ్చి జంగయ్య నుదుటి మీద చెయ్యి వేసి, సుత్తి లాక్కుని పక్కన పెట్టి, "ఆటో పిలుస్తున్నాను," అన్నారు.

శంషాబాద్ బస్టాండు దాటాక ఎముకల డాక్టరు సింధు క్లినిక్ ఉంది. ఆవిడది ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. జంగయ్యను పడుకోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"కాలు ఎప్పుడైనా మెలిపడిందా? నడుస్తుంటే మోకాలు పట్టేసినట్టు మధ్యలో ఆగిపోతుందా?"

"లేదమ్మా."

"నిలబడితే మోకాలు జారిపోయినట్టు ఉంటుందా? పొద్దున్న లేవగానే బిగుసుకుపోతుందా?"

"పది నిమిషాలు బిగుసుకుంటుంది," అన్నాను నేను.

డాక్టరు నా వైపు తిరిగింది. "మీ మోకాలి సంగతి తర్వాత చూద్దాం ఆంటీ." మళ్లీ జంగయ్య వైపు తిరిగింది. "వేళ్ల కణుపులు గానీ, వేరే కీళ్లు గానీ వాస్తాయా అన్నా? కాలి బొటనవేలు ఎప్పుడైనా ఎర్రగా వాచి పొడిచిందా?"

"లేదు. మోకాలు బండ మీద పెడితేనే నొస్తుండె. నడిస్తే ఏం గాకపోతుండె. గీ జొరం మొన్నటి సంది."

"కాపడం ఎవరు పెట్టమన్నారు? చర్మం కమిలింది."

చంద్రమ్మ గోడ మీది క్యాలెండరు చూడసాగింది. భాస్కరరావుగారు తన చెప్పులు చూసుకున్నారు.

"నేనే," అన్నాను.

"నొప్పి మాత్రలు?"

"అవీ నేనే."

"డాక్టరా మీరు?"

"లెక్కల టీచర్ని."

ఆ పిల్ల జంగయ్య మోకాలిని మెల్లగా మడిచి, చాపి చూసింది. ఎక్స్‌రే తీయించి వెలుగుతున్న పెట్టెకు తగిలించి, నన్ను కూడా దగ్గరికి పిలిచింది.

"కీలు ఇది. రెండు ఎముకల మధ్య సందు చూడండి, ఎంత బాగుందో. ఈయనకు గుజ్జు అరగలేదు. అసలు జబ్బు కీలు లోపల లేదు. మోకాలి చిప్ప ముందు, చర్మానికీ ఎముకకూ నడుమ పల్చటి సంచి ఒకటుంటుంది, చర్మం సాఫీగా జారడానికి. ఏళ్ల తరబడి గట్టి నేల మీద ఆనిస్తే ఆ సంచి వాచి, నీరు పడుతుంది. అది ఏడాదిగా ఉన్న సంగతి. ఇప్పుడు గాటులోంచి క్రిములు దూరి లోపల చీము పట్టింది. ఎరుపు, వేడి, జ్వరం అందుకే. నొప్పి మాత్రలు పైపైన అణిచిపెట్టాయి. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే క్రిములు కీల్లోకో, రక్తంలోకో పాకేవి. అప్పుడు కాలుకే కాదు, ప్రాణానికే ముప్పు."

మోకాలు ఒక్కటే అయినా అందులో నొప్పి పుట్టే చోట్లు ఎన్నో ఉన్నాయని అరవై మూడేళ్ల వయసులో నేను మొదటిసారి విన్నాను. నాది లోపలి అరుగుదల, అతనిది పైసంచి వాపు. నడిస్తే ఏం గాదు, మెట్లు ఎక్కుత అని అతను చెప్పినప్పుడే నేను ఆగి ఉండాలి. నా లెక్కలో జవాబు ముందు వచ్చింది, ప్రశ్న తర్వాత చదివాను. పిల్లలు ఇదే పని చేస్తే బెంచీ ఎక్కించిన దాన్ని.

డాక్టరు సూదితో చీము తీసి పరీక్షకు పంపింది, మందులు రాసింది. ఒక్క పూట మానకూడదని, రెండు రోజుల్లో మళ్లీ రావాలని, ఈలోగా జ్వరం పెరిగితే ఆలోచించకుండా పెద్ద దవాఖానకు పరిగెత్తాలని చెప్పింది. మూడు వారాలు మోకాలు నేలకు ఆనించకూడదు. ఆ తర్వాత కూడా, బతికినన్నాళ్లూ, మెత్తలు కట్టుకోకుండా ఆనించకూడదు.

"అంటే నా గుజ్జు అరగలె?" అన్నాడు జంగయ్య.

"అరగలేదు అన్నా. మెత్తలు కట్టుకుంటే ఇంకో పదిహేనేళ్లు పని చేయొచ్చు."

జంగయ్య తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, లేదు. నేను ఆ మంచం పక్కనే నిలబడి, "తప్పు చెప్పాను జంగయ్యా. నన్ను క్షమించు," అన్నాను. ఇరవయ్యారేళ్ల ఉద్యోగంలో ఎవరికీ చెప్పని మాట అది. భాస్కరరావుగారు నమ్మలేనట్టు చూశారు.

"ఏం గాదు టీచరమ్మా. మీరు మంచికే చెప్పిండ్రు," అన్నాడు జంగయ్య.

మందులు పని చేశాయి. నాలుగు రోజుల్లో జ్వరం పోయింది, పది రోజుల్లో వాపు అణిగింది. నేను రోజూ వాళ్లింటికి వెళ్లి మాత్రలు లెక్క చూసేదాన్ని. లెక్క చూడటం వరకే. సలహాలు ఇవ్వలేదు. డాక్టరు నాకూ పని చెప్పింది, తొడ కండరాలు గట్టిపడాలని రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టడం. నొప్పి భయంతో మూడేళ్లుగా నడక మానేసి నేనే నా కాలును బలహీనం చేసుకున్నానట. ఆ మాట మా ఆయన రెండేళ్లుగా చెప్తున్నదే కాబట్టి ఆ రోజు ఇంట్లో ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంకేం, కథ సుఖాంతం అనుకున్నాను. ఆరాంఘర్ దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో మోకాళ్లకు పట్టీలతో కట్టుకునే మెత్తలు రెండు జతలు దొరికాయి, కొని వాళ్లింటికి తీసుకెళ్లాను. జంగయ్య వాటిని చేతిలోకి తీసుకుని, వేలితో నొక్కి చూసి తిరిగి నాకిచ్చేశాడు.

"వద్దమ్మా. ఇవి కట్టుకుంటే నా మట్టం పోతది."

"రసమట్టం వాడు."

"గది వాడితే నేనేం మేస్త్రిని? ఎవ్వడైనా వాడ్తడు. ఒకటో తారీఖు సంది గోడౌన్‌కు పోత అని చెప్పిన గదా. మాటంటే మాటే. మీ హాలు మాత్రం చేసి పోత."

"గుజ్జు అరగలేదని డాక్టరు చెప్పింది కదయ్యా. ఇంకా గోడౌనేమిటి?" నా గొంతు లేచింది. అతను తల వంచుకుని వినడమే తప్ప ఒక్క మెట్టు దిగలేదు. ఎంత మొండి ఘటం. కాలు బాగుపడినా మనిషి చేతికి రావడం లేదు. ఒకటో తారీఖుకు ఎనిమిది రోజులుంది. అతను వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటే అది నేను వేసిన కుర్చీయే.

విసురుగా వాళ్ల పెరట్లోకి వస్తే చంద్రమ్మ తట్టలు కడుగుతోంది. ఆవిడ మీద కూడా అరిచాను. "నువ్వైనా చెప్పవేం? ఆయన మోకాలు లేకపోతే నేల మునిగిపోతుందా?"

చంద్రమ్మ చేతులు తుడుచుకుంది. లోపలికి ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "మూడేండ్ల సంది ఆయన మోకాలు ఏం చెప్తలేదమ్మా. తోలు దొడ్డుగైంది, మొద్దువారింది. లోపట నొస్తది గని, మీద టైలు ఎచ్చుతగ్గులు ఎర్కగావు. నేనే దారం కాడ కూసొని, టైలు దానికి సరిగున్నదా లేదా చూస్త. కిందికుంటే మాలు తేవాల్నా అని అడుగుత. సరిగుంటే సప్పుడు చెయ్య."

ఎన్నిసార్లు విసుక్కున్నాను ఆ మాట విని. ఇన్నాళ్లూ మా ఇంటి మట్టం ఆ మాటే.

"మరి ఆయనకు చెప్పొచ్చు కదా. అప్పుడు మెత్తలు కట్టుకోవడానికి అడ్డేముంది?"

"చెప్తే ఆయన పానం పోతదమ్మా. మీకు దండం పెడ్త, మీరు గూడ చెప్పకుండ్రి."

నాకు తెలిసిన నిజం చెప్పకుండా ఉండటం నాకు చేతకాని పని. కానీ తెలియనిది తెలిసినట్టు చెప్పి ఒకసారి కొంప ముంచాను కదా. సరే అని మాటిచ్చాను. ఆ వారమంతా కడుపుబ్బరంగానే గడిచింది.

మూడు వారాలు నిండాయి. జంగయ్య హాలు వేయడానికి వచ్చాడు. మెత్తలు గోడ వారగా పెట్టి ఉంచాను, వాటి వైపు చూడనైనా చూడలేదు. చంద్రమ్మ మాలు కలిపి తెచ్చి, దారం కట్టి, తన మూలన కూర్చుంది. జంగయ్య సింహద్వారం పక్కన, లోపలికి దించిన గడప అంచున, మొదటి టైలు పరిచాడు. సుత్తితో కొట్టాడు. లుంగీ ఎగగట్టి, కొత్త చర్మం వచ్చిన ఆ మోకాలిని కిందికి దించబోయాడు.

"ఆగు," అన్నాను.

చంద్రమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు ఆవిడకిచ్చిన మాట గుర్తొచ్చింది. ఏం చేయాలో తోచక చెప్పులు విడిచి, పూర్తయిన మూడు గదుల్లోకీ నడిచాను. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, గోడ పట్టుకోకుండా, మామూలుగా ఈడ్చే కాలిని ఈడుస్తూనే, మొత్తం తిరిగి హాల్లోకి వచ్చాను.

"జంగయ్యా, మూడు గదుల్లో నా కాలు ఎక్కడా తట్టుకోలేదు. మూడేళ్లలో ఇంత ధైర్యంగా నేను నడిచింది లేదు. ఈ మట్టం ఎవరు చూశారో, ఎలా చూశారో నాకు అనవసరం. హాలు కూడా ఇలాగే కావాలి. నువ్వు వెళ్లిపోతే ఈ ఊళ్లో నాలాంటి వాళ్లకు ఇలాంటి నేల ఇంకెవరు వేస్తారు?"

జంగయ్య మోకాలు ఇంకా నేలకు ఆనలేదు. విమానం ఒకటి మా మాటల మీదుగా వెళ్లింది, అది దాటేదాకా ఆగాడు.

"ఎవ్వలు చూసిండ్రో మీకు ఎర్కయిందా టీచరమ్మా?"

చంద్రమ్మ చేతిలోని తాపీ కింద పెట్టింది.

"నీకు ఎర్కనా?" అంది భర్తతో.

"ఎర్కలేకుంట ఉంటదా? నా మోకాలు నాకు ఎర్కలేదా?"

"మరి మూడేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పినవా?"

జంగయ్య గోడకు ఆనుకుని, కాళ్లు చాపి కూర్చున్నాడు. నా వైపు చూసి మాట్లాడాడు కానీ, చెప్పింది ఆవిడకే.

"మట్టం ఈమె చూసుడు, మేస్త్రి పేరు నాకు. ఎన్నొద్దులు గట్ల? తినేటప్పుడు మెతుకు దిగకపోతుండె. పని ఇడిచిపెడదామంటే ఏమని ఇడిచిపెడత? మీరు గుజ్జు అరిగిందన్నరు సూడుండ్రి, ఆ దినం పానం హాయిగనిపించింది. మనిషి అరిగితే తప్పు గాదు గదా. ఇగ ఎవ్వలేమనరు. కుర్చీల కూసోవచ్చు అనుకున్న." అతను ఆగి, కొంచెం నవ్వాడు. "మల్ల ఆ డాక్టరమ్మ వచ్చి అరగలేదన్నది. ఏం చెయ్యాలె?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తప్పు జవాబు ఆ మనిషికి ఎంత ఊరటగా ఉందో, సరైన జవాబు ఎంత కష్టంలో పడేసిందో అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు.

చంద్రమ్మ లేచి, గోడ వారగా ఉన్న మెత్తలు తీసుకుంది. ఆయన ముందు కూర్చుని కుడి మోకాలికి ఒకటి, ఎడమ మోకాలికి ఒకటి కట్టి, పట్టీలు బిగించింది. "గట్టిగైందా?" అని అడిగింది. ఆయన కాదన్నట్టు తల ఊపాడు. రెండో జత ఆవిడ తన చీర మీదుగానే తన మోకాళ్లకు కట్టుకుంది. మళ్లీ వెళ్లి దారం కొసన కూర్చుంది. ఈసారి గొంతుక్కూర్చోలేదు, మెత్తల మీద మోకరిల్లి కన్ను దారానికి ఆనించింది.

"మీ తమ్మునికి ఫోన్ చెయ్యి. కుర్చీల ఇంకెవ్వలనన్న కూసోబెట్టుకొమ్మను," అన్నాడు జంగయ్య.

తర్వాత గడప అంచున ఉన్న ఆ మొదటి టైలు మీద సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు కొట్టాడు. అలవాటు కొద్దీ మోకాలు అతుకు మీదికి వచ్చింది. మెత్త ఆనింది. ఆయన కళ్లు మూసుకోలేదు. తల ఎత్తి, హాలు అవతలి కొసన ఉన్న భార్య వైపు చూశాడు.

"చంద్రమ్మా, మాలు కావాల్నా?"

ఆవిడ దారం వెంబడి చివరి దాకా చూసింది. తొందరపడలేదు.

"వద్దు," అంది. "సరిపోయింది."